కాటా మీద మనుషులు

కుప్పయ్య కాటా మీద నుంచి దిగనన్నాడు.

అప్పటికి మూడు రోజులుగా అతని కాయ ఎక్కిన ట్రాక్టరు గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరసలో ఉంది. పాకాల రోడ్డు పొడుగునా రెండు కిలోమీటర్లు ట్రాక్టర్లే. తోతాపురి కాయ కోసినాక ఎవరి కోసమూ ఆగదు. మొదటి రోజు రాయిలా ఉంటుంది, రెండో రోజు రంగు తిరుగుతుంది, మూడో రోజు అడుగు కాయ మెత్తబడి ట్రాలీ సందుల్లోంచి రసం కారుతుంది. ఆ రసానికి ముసిరిన ఈగల మధ్యనే జనం తిన్నారు, పడుకున్నారు. ఉద్యానశాఖ వాళ్లు ఇచ్చిన టోకెన్లు అందరి జేబుల్లోనూ ఉన్నాయి. వాటి మీద రాసిన తేదీ ఎప్పుడో దాటిపోయింది.

కుప్పయ్య బండి లోపలికి పోయేసరికి పొద్దు బాగా ఎక్కింది. అతని భార్య మునిరత్నమ్మ సంగటి క్యారియరు పట్టుకుని అప్పుడే బస్సు దిగి, గేటు పక్కన నిలబడింది. లారీలూ ట్రాక్టర్లూ ఎక్కి నిలబడే ఇనుప పలకల అరుగును అక్కడ పెద్దకాటా అంటారు. దాని పక్కన చిన్న గది, గది గోడకు ఎర్ర అంకెలు వెలిగే పెట్టె. నిండు బండిని తూస్తారు, కాయ దింపుతారు, ఖాళీ బండిని తూస్తారు. రెంటికీ తేడా కాయ బరువు.

కాగితం మీద ఐదు టన్నుల రెండు వందల అరవై కిలోలని వచ్చింది.

తోటలో లెక్క పెట్టింది మునిరత్నమ్మే. ఆ ఊళ్లలో కోత మగవాళ్లది, లెక్క ఆడవాళ్లది. గంప నిండి ట్రాలీలో పడ్డ ప్రతిసారీ ఆమె ఒక మామిడాకు తుంచి కొంగులో వేసుకుంది. సాయంత్రం ఆకులు పరిచి ఎంచితే రెండు వందల నలభై తేలాయి. గంప ఇరవై ఐదు కిలోలు. ఆరు టన్నులు. ఇరవై ఏళ్లుగా ఆమె ఆకుల లెక్కకూ కాటా లెక్కకూ నాలుగు గంపలకు మించి తేడా వచ్చింది లేదు.

"ఆరు టన్నులప్పా. నా పెండ్లాం లెక్క తప్పదు" అన్నాడు కుప్పయ్య. అతను అరవలేదు. ఖాళీ ట్రాక్టరు కాటా మీదనే ఉంది, అతను దాని ముందు నిలబడ్డాడు. "నా కాయ మళ్లా ఎక్కించి నా ముందర తూయండి. అంతదాకా దిగేది లేదు."

మేనేజరు చెంగల్రాయుడు గది మెట్ల మీద నుంచి నవ్వాడు. "నీ పెండ్లాం ఆకులెంచుతాది. ఇది కంప్యూటరు. దోవలో పాకాలలో సగం దించుకోనొచ్చి ఈడ కాటాని అంటాండావా? ఎనకాల వంద బండ్లుండాయి, దిగు."

దొంగ అన్న మాట అతను నోటితో అనలేదు, కానీ వరసలో ఉన్న వాళ్లందరికీ అదే వినిపించింది. కుప్పయ్యకూ అదే వినిపించి ఉంటుంది. అతను కాటా మీదనే కూర్చున్నాడు. ఇద్దరు గార్డులు వచ్చి చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. కాటాకూ నేలకూ మధ్య మూరెడెత్తు ఉంటుంది, అంతే. ఆ మూరెడెత్తు నుంచి వెల్లకిలా పడ్డాడు. కింద ఇనుప అంచు ఉంది.

తిరుపతి ఆసుపత్రిలో రెండు రోజులు బతికాడు. మాట్లాడలేదు.

పోలీసు కాగితంలో ఎండదెబ్బ తగిలి పడిపోయాడని రాశారు. దానికి సాక్షి ట్రాక్టరు నడిపిన మునిచంద్ర. అతనిదీ అదే ఊరు, కుప్పయ్యకు వరసకు తమ్ముడు. దోవలో పాకాల దగ్గర కొంత కాయ దించామని కూడా అతనే సంతకం పెట్టాడు.

*

కుప్పయ్య కూతురు భానుప్రియ చిత్తూరులో డిగ్రీ చదువుతోంది. పదకొండో రోజు దాటగానే ఆ పిల్ల తల్లిని తీసుకుని సోమవారం అర్జీలిచ్చే చోటికి పోయింది. వారం తిరక్కముందే తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు పంకజాక్షి వచ్చింది. ఆమె చెడ్డ మనిషేమీ కాదు. ఎండలో మూడు గంటలు నిలబడి, వెంట తెచ్చిన యాభై ఇనుప గుండ్లనూ ఒక్కొక్కటిగా కాటా మీద పెట్టించింది. గుండు ఇరవై కిలోలు. మొత్తం టన్ను. కాటా టన్నే చూపించింది. ఆమె ముద్ర వేసి, కాగితం రాసి, ఒక నకలు మునిరత్నమ్మ చేతిలో పెట్టింది.

"కాటా సరిగానే ఉందమ్మా."

మునిరత్నమ్మ ఆ కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుని ఇంటికొచ్చింది. ఆమెకు చదువు రాదు. అయినా అందులో ఏం రాసి ఉందో ఆమెకు తెలుసు. కాటా సరిగా ఉంటే తప్పింది తన లెక్క. ఏడున్నర క్వింటాళ్లంటే ముప్పై ఆకులు. ఆ రోజు మధ్యాహ్నం నీళ్లు తాగడానికి పోతూ కొంగు విప్పి మళ్లీ కట్టుకుంది. గాలి ఉండింది. అప్పుడేమైనా కింద రాలిన ఆకులు కలిశాయేమో. ఒక గంపకు రెండు ఆకులు వేసిందేమో. తన మాట నమ్మి ఆయన కాటా మీద కూర్చున్నాడు. మాట తప్పైతే ఆయనను చంపింది ఆ ఇనుప అంచు కాదు.

ఆమె ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. తెల్లారి లేచి చెట్టు కిందికి పోయి ఆకులు తుంచి కుప్ప పోసి ఎంచేది. మళ్లీ కలిపి మళ్లీ ఎంచేది. కూతురు చూసింది కానీ ఆపలేదు.

ఊళ్లో మాత్రం మాట మొదలైంది. తమ కాయా తగ్గిందని ఒకరు, టన్నుకు ఇంత పోతోందని ఇంకొకరు. రచ్చ చేస్తే మరుసటేడు టోకెను రాదని, కాయ చెట్టు మీదనే కుళ్లుతుందని మూడో మనిషి. రేషన్ షాపు ముందు ఒక ఆదివారం జనం కూడారు. మాటా మాటా పెరిగింది. ఇన్‌స్పెక్టరే సరిగా ఉందని రాసిచ్చాక ఇంకెవరికి చెప్పుకుంటామని పెద్దవాళ్లు లేవబోయారు.

అప్పుడు భానుప్రియ అడిగింది. "ఆమె తెచ్చింది టన్ను గుండ్లు. మన బండ్లు తొమ్మిది టన్నులు తూగుతాయి. మిగతా ఎనిమిది టన్నులకు కాటా ఏం చెప్తాదో ఎవురు సూసినారు?"

అన్ని గుండ్లు జిల్లాలో లేవని ఆమె అప్పుడే చెప్పింది గదా అని ఎవరో గుర్తు చేశారు. గుండ్ల లారీ వేరే జిల్లాల చుట్టూ తిరుగుతోంది, ఈ సీజనులో రాదు.

"గుండ్లు లేకపోతే మనం లేమా? ఈ షాపు తక్కెడకు ఈ ఏటి గవుర్మెంటు ముద్ర ఉండాది. దీనిమీద ఒగొగరం ఎక్కి బరువు రాసుకుందాం. అందరం పోయి పెద్దకాటా మీద నిలబడదాం."

 ఒక ముసలాయన తనను రెండు గుండ్ల కింద లెక్కేసుకోమన్నాడు. నవ్వారు. కుప్పయ్య పోయాక ఆ ఊళ్లో నలుగురు కలిసి నవ్వడం అదే మొదలు.

మనుషులు చాలరని తేలాక, ఫ్యాక్టరీలో కాయ దించే వాళ్లనూ ముక్కలు కోసే వాళ్లనూ పిలుద్దామనుకున్నారు. ఆ కూలీలంతా కింది కాలనీ వాళ్లు. వాళ్లకు పెద్ద దిక్కు గ్రేసీ. పదిహేనేళ్లుగా బండ్లు దించుతోంది. మామిడి సొన తగిలి ఆమె చేతులు మోచేతుల దాకా నల్లగా చర్మం లేచి ఉంటాయి. రైతులు నలుగురు మునిరత్నమ్మను వెంటబెట్టుకుని పోయి గుమ్మం ముందు నిలబడితే ఆమె కూర్చోమనలేదు.

"పోయినేడు మేము కూలి పెంచమని గేటు కాడ కూసున్న్యాం. ఆరు దినాలు. మీ బండ్లు మమ్మల్ని దాటుకోని లోపలికి పోయినాయి. ఒగ రైతన్నా బండి ఆపినాడా?" మునిరత్నమ్మ వైపు తిరిగింది. "సచ్చిపోయినోణ్ణి అనకూడదు గానీ వదినా, నీ మొగుడూ ఆపలేదు."

"ఆపలేదు" అంది మునిరత్నమ్మ. "నేనూ బండిలోనే ఉణ్ణ్యా."

గ్రేసీ వస్తామని చెప్పలేదు, రామని చెప్పలేదు. రైతులు తిరిగొస్తూ, వీళ్లను నమ్ముకుంటే పని కాదని దారి పొడుగునా తిట్టుకున్నారు. మునిరత్నమ్మ తిట్టలేదు.

*

రైతుల ఎదుట మళ్లీ పరీక్ష చేయాలని రెండో అర్జీకి ఉత్తర్వు వచ్చింది. గురువారం పొద్దున పంకజాక్షి జీపు వెనక అరవై రెండు మంది గేటు లోపలికి నడిచారు. రేషన్ తక్కెడ ఆటోలో వచ్చింది. ఒక్కొక్కరి బరువూ భానుప్రియ వాళ్ల ముంజేతి మీద మార్కరుతో రాసింది. చెంగల్రాయుడు అడ్డు చెప్పలేదు. కుర్చీ తెప్పించుకుని నీడలో కూర్చున్నాడు. అంత నిదానంగా ఎందుకున్నాడో అప్పుడెవరికీ తట్టలేదు.

అరవై రెండు మందికీ కలిపి మూడు వేల నూట ఇరవై నాలుగు కిలోలు. చెప్పులు విప్పి, సెల్‌ఫోన్లు పక్కన పెట్టి, అందరూ కాటా ఎక్కి ఊపిరి బిగపట్టి నిలబడ్డారు.

ఎర్ర అంకెలు తిరిగి ఆగాయి. మూడు వేల నూట ఇరవై.

"మీరు తెచ్చిన గుండ్లు బాగానే తూగినాయే" అన్నాడు చెంగల్రాయుడు. "ఇంగ దిగి పోయి పని సూసుకోండప్పా. చచ్చిపోయినోడు అబద్ధం చెప్పినాడని నేను ఊరూరా చాటేది లేదు, ఆ మర్యాద ఉంచుతా."

జనం ఒకరి వెనక ఒకరు దిగడం మొదలుపెట్టారు. ఎవరూ మునిరత్నమ్మ ముఖంలోకి చూడలేదు. ఆమె కాటా మధ్యలో అలాగే నిలబడి ఉంది. కొంగు విప్పి మళ్లీ కట్టుకోవడమే ఆమె కళ్ల ముందు కదులుతోంది. ముప్పై ఆకులు. అక్కడే కూలబడింది.

కాయ దించే షెడ్డు నుంచి గ్రేసీ ఇదంతా చూస్తోంది. చేతిలోని గంప కింద పెట్టింది. కాటా దగ్గరికొచ్చి, దిగుతున్న వాళ్లకు అడ్డంగా నిలబడింది.

"దిగొద్దండి. ఎంతమంది ఉండారు మీరు?"

చెప్పారు.

"ఎంత బరువు?"

చెప్పారు.

"అందుకే నిజం చెప్పింది. చిన్న ఆటోల్లో కాయొస్తే ఈ కాటా సరిగ్గానే చెప్తాది. మాకు దించే కూలి టన్నుల మీదే గదా, మేము సూస్తానే ఉంటాం. ఈ ఏడు ట్రాక్టరొచ్చినప్పుడే తక్కువ చెప్తాది. మోసే ఈపుకు తెలీదా? యాణ్ణుంచి అబద్ధం మొదులవుతాదో నాకు తెలీదు గానీ, కొంచెం బరువుకు మాత్రం కాదు. ఎక్కువ ఎక్కాల." ఆమె షెడ్డు వైపు తిరిగి పిలిచింది. పెద్దగా కూడా పిలవలేదు.

చెంగల్రాయుడు కుర్చీలోంచి లేచాడు. అంతసేపటికి అతను లేవడం అదే మొదలు. పని వదిలి బయటికొచ్చిన వాళ్లెవరూ మళ్లీ లోపల అడుగు పెట్టరని కేకేశాడు. షెడ్డులో కత్తుల చప్పుడు ఆగిపోయింది. ముందు ఒక నడివయసామె వచ్చింది, నాగులమ్మ. ఆమె వెనక ఇద్దరు. ఆపైన గుంపులుగా వచ్చారు. కాయ కోసే ఆడవాళ్లు, బండ్లు దించే మగవాళ్లు, డ్రమ్ములు కడిగే వాళ్లు. తక్కెడ ముందు వరస కట్టారు. సొన తగిలిన ముంజేతుల మీద రాత కనబడక భానుప్రియ వాళ్ల భుజాల మీద రాసింది. డెబ్బై మంది. చివర్న డెబ్బై ఒకటో మనిషి వచ్చి నిలబడ్డాడు. మునిచంద్ర.

భానుప్రియ మార్కరు ఎత్తలేదు.

"నా బండి లోపలికి రానీమన్న్యారు" అన్నాడు మునిచంద్ర. తల ఎత్తలేదు. "ట్రాక్టరు అప్పు కంతులు కట్టల్ల. సంతకం పెట్టినా. పాకాలలో మేము బండి ఆపను కూడా లేదు పాపా."

"ఆ మాట యాడ చెప్పల్లో ఆడ చెప్పు, చిన్నాయనా" అంది భానుప్రియ. కానీ అతని చెయ్యి పట్టుకుని బరువు రాసింది.

అందరికీ కలిపి ఆరు వేల ఆరు వందల ఇరవై. కాటా మీద కాలు పెట్టే సందు లేదు. రైతూ కూలీ ఒకరి భుజం ఒకరికి తగులుతూ, ఒకరి చెమట ఒకరికి అంటుకుంటూ నిలబడ్డారు. ఆ కులాల వాళ్లు అలా ఆనుకుని నిలబడడం ఆ నేల మీద ఎవరూ చూసి ఉండరు.

అంకెలు తిరిగి ఆగాయి. ఆరు వేల తొంభై.

భానుప్రియ రెండుసార్లు కూడికలు సరిచూసింది. ఐదు వందల ముప్పై కిలోలు తక్కువ. పదిమంది మనుషులు ఆ కాటాకు కనబడలేదు.

మునిరత్నమ్మ ఆ అంకెల వైపు చూడలేదు. పక్కనున్న గ్రేసీని అడిగింది, తక్కువేనా అని. తక్కువే అంది గ్రేసీ. మునిరత్నమ్మ కళ్లు మూసుకుంది. ఆమె లెక్క తప్పలేదు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి తెలిశాక ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. నిలబడడానికి కాళ్లు మాత్రం గట్టిపడ్డాయి.

పంకజాక్షి పుస్తకం తెరిచింది. అదే సమయానికి ఆమె ఫోను మోగింది. పక్కకు పోయి విన్నది, ఎక్కువ మాట్లాడలేదు. తిరిగొచ్చాక పుస్తకం మూసింది.

"నిబంధనల్లో మనుషులు గుండ్లు కారమ్మా" అంది నెమ్మదిగా. "దీన్ని పరీక్షగా నేను రాయలేను. గుండ్లు తెప్పించి, వచ్చే వారం..."

"వచ్చే వారానికి కాటా బాగైపోతాది మేడం" అన్నాడు మునిచంద్ర. "గదిలో ఒగ మీట నొక్కేంత సేపే."

అది అందరికీ అర్థమైంది. తాము నిలబడి ఉన్నంతసేపే ఆ అబద్ధానికి సాక్ష్యం. దిగితే అది పోతుంది, కుప్పయ్య దొంగగానే మిగులుతాడు. పంకజాక్షి పోయి జీపులో కూర్చుంది. జీపు మాత్రం కదల్లేదు.

"దిగేది లేదు" అంది మునిరత్నమ్మ. సరిగ్గా ఆ చోట ఆ మాట అంతకు ముందు ఒకరన్నారని ఆమెకు తోచలేదు. ఆమె అన్నది పక్కవాళ్లు అన్నారు, వెనకవాళ్లు అన్నారు.

*

గంటకు పోలీసులు వచ్చారు. రెండు వ్యాన్లు. సి.ఐ. మైకులో ఐదు నిమిషాలు టైమిచ్చాడు. ఐదు నిమిషాల తర్వాత లాగడం మొదలుపెట్టారు. అంచున ఉన్న వాళ్లను ముందు, మగవాళ్లను కాళ్లు పట్టి, ఆడవాళ్లను ఆడ కానిస్టేబుళ్లు జబ్బలు పట్టి. నాగులమ్మ జాకెట్టు చిరిగింది. రెండు గుండ్ల కింద లెక్కేసుకోమన్న ముసలాయనకు నోట్లోంచి రక్తం వచ్చింది. దిగిన ప్రతి మనిషికీ ఎర్ర అంకె తగ్గుతూ వచ్చింది. ఐదు వేలు. నాలుగున్నర. నాలుగు. మూడు వేల ఎనిమిది వందలు. మూడు వేల ఏడు వందలు.

ఆడ కానిస్టేబుళ్లు చాలక, పెట్టెకు ఎదురుగా ఉన్న హెడ్ కానిస్టేబులు జ్ఞానాంబ అనే ముసలామెను ఎత్తి కింద పెట్టాడు. యాభై కిలోల మనిషి.

అంకె మూడు వేల తొమ్మిది వందల డెబ్బై అయింది.

హెడ్ కానిస్టేబులు ఆగాడు. మనిషి దిగితే బరువు పెరిగింది. అసలు బరువు నాలుగు టన్నుల లోపుకు రాగానే కాటా మళ్లీ నిజం చెప్పింది. అతను పెట్టెకేసి చూశాడు, ముసలామెకేసి చూశాడు. కాటా మీద మిగిలిన వాళ్లూ చూశారు, గోడ ఎక్కి చూస్తున్న రోడ్డు మీది ట్రాక్టర్ల వాళ్లూ చూశారు. ఒక్క నిమిషం ఆ ఆవరణలో లాగేవాళ్లూ లేరు, లాగబడేవాళ్లూ లేరు.

"ఎక్కు మ్మే" అంది గ్రేసీ, జ్ఞానాంబతో.

జ్ఞానాంబ మళ్లీ కాలు పెట్టింది. మూడు వేల ఏడు వందలు. దిగింది. మూడు వేల తొమ్మిది వందల డెబ్బై. ఆమెకు ఆ అంకెలు చదవడం రాదు, కానీ జనం ముఖాలు చూసి ఎక్కుతూ దిగుతూ ఉంది.

గోడ మీద నుంచి మొదట ఒకడు దూకాడు. మూడు రోజులుగా వరసలో ఉన్న ట్రాక్టరు డ్రైవరు, ఎవరో తెలియదు. వాడి వెనక పదిమంది. గేటు చాలలేదు. లాఠీలు లేచాయి, అయినా కాటా మళ్లీ నిండింది. ఆ తోపులాటలో పంకజాక్షి జీపు దిగి, చెప్పులు జారిపోతున్నా ఆగక అంకెల పెట్టె దగ్గరికి వచ్చింది. పుస్తకం గోడకు ఆనించి చూసింది చూసినట్టు రాసింది. టైము వేసింది, సంతకం పెట్టింది. ఇంకెవరూ మార్చకుండా పెట్టెకు తీగ చుట్టి సీసం బిళ్ల నొక్కింది. మేడం మీరు బండెక్కండని సి.ఐ. అన్నాడు. ఎక్కుతానంది, కానీ బిళ్ల బిగిసిందాకా ఎక్కలేదు.

ఆ సాయంత్రానికి ఆమెను వేరే డివిజనుకు వేశారు. కూలీలందరినీ పనిలోంచి తీసేశారు. ఫ్యాక్టరీ గేటు మూతపడి, వరసలోని కాయ రోడ్డు పక్కన పోయక తప్పలేదు. గెలిచామని ఎవరూ అనుకోలేదు. అయితే పక్క ఊరి ఫ్యాక్టరీ కాటా ముందు ఆ సాయంత్రమే రేషన్ తక్కెడ పెట్టి జనం బరువులు రాసుకుంటున్నారని స్టేషనుకు కబురొచ్చింది. సి.ఐ. ఉన్న రెండు వ్యాన్లనూ మళ్లీ అటు పంపాడు.

స్టేషను వసారాలో ముప్పై నాలుగు మందిని కూర్చోబెట్టారు. రైటరు పుస్తకం తీసి పేర్లు అడిగాడు. ముందు వరసలో మునిరత్నమ్మ ఉంది. ఆమె లేచి నిలబడింది.

"మునిరత్నమ్మ. కుప్పయ్య పెండ్లాం." ముంజేయి ముందుకు చాపింది. "నలభై మూడు కిలోలు."

బరువు అక్కర్లేదన్నాడు రైటరు.

"రాసుకో" అంది వెనక నుంచి గ్రేసీ. "గ్రేసీ. యాభై ఒగటి."

ఆమె వెనక మునిచంద్ర లేచాడు. అతని వెనక నాగులమ్మ.